దొరసాని అప్పం

పోయిన ఆదివారం మా మనవరాలు వంటింటిని స్వాధీనం చేసుకుంది. కాలేజీ సెలవులకు వచ్చిన పిల్ల. వచ్చిన నాటినుంచి మంచం దిగకుండా కాఫీలు తాగుతున్నది కాస్తా, ఆ రోజు పొద్దున్నే కొంగు బిగించినంత పని చేసింది. కొంగు లేదు కాబట్టి చొక్కా చేతులు పైకి మడిచింది. ఊరగాయ జాడీకి ఫోను ఆనించిపెట్టింది. అందులో ఎవరో తెల్ల పిల్ల గడగడా ఇంగ్లీషులో చెప్పుకుపోతోంది. గట్టు మీద మైదాపిండి, వెన్న, మజ్జిగ, సోడా ఉప్పు, చక్కెర, గిన్నెడు ఎండు ద్రాక్ష. ఏమి చేస్తాండావే అని అడిగాను. "స్కోన్ అవ్వా, పండ్ల స్కోన్" అంది. ఆ పేరు నాకు తెలియదు. కానీ ఆ సరుకులన్నీ ఒకచోట చూసేసరికి ఎప్పుడో ఎక్కడో ఎరిగినట్టే అనిపించింది. పిండిలో వెన్న ముక్కలు వేసి, ఫోను వంక ఒకసారి చూసి, "ఇప్పుడు దీన్ని నల్లా తేయ్యాల" అని తనలో తాను అనుకుంది. నేను అన్నీ తెలిసినదానిలా మేకుకు తగిలించిన పూరీకట్టె తీసి చేతికిచ్చాను. అది పడీపడీ నవ్వింది. "అయ్యో అవ్వా, ఆ తేయడం కాదు, ఈ తేయడం!" అని వేళ్ళ కొసలతో వెన్ననూ పిండినీ కలిపి నలుపుతూ చూపించింది. పిండి రవ్వ రవ్వగా రాలింది. "చపాతీ మాదిరి తేస్తే ఇది పొంగనే పొంగదు. గట్టిగా రాయి అయిపోతాది" అంది. నేను పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. బీపీ ఎక్కిందేమోనని పిల్ల భయపడి నీళ్ళు తెచ్చింది.

బీపీ కాదు. మా అత్త గుర్తొచ్చింది. ఆ కథ చెప్పే ముందు మా భాష సంగతి కొంచెం చెప్పాలి. మేము కోయంబత్తూరు తెలుగువాళ్ళం. మా పెద్దలు ఎన్ని తరాల క్రితం ఇటు వచ్చారో చెప్పగలిగిన మనిషి లేడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కోపం వస్తే రెండూ. నేను తెలుగు అక్షరాలు దిద్దింది పెండ్లయిన తరువాత, మా ఆయన పంతం పట్టి నేర్పితే. మా మాటల్లో సగం తమిళమే, 'బాగా' అనడానికి కూడా 'నల్లా' అంటాం. అందులో 'తేయ్' అన్నది మహా గడుసు మాట. పండ్లు తోముకోవడం తేయడమే, గిన్నెలు తోమడం తేయడమే, తలకు నూనె పెట్టడం తేయడమే, కట్టెతో చపాతీ చేయడమూ తేయడమే. అసలు తెలుగులో మాత్రం? 'రుద్దు' అంటే ఒళ్ళూ రుద్దవచ్చు, చపాతీలూ రుద్దవచ్చు. ఒక్క మాటకు ఇన్ని పనులు అప్పగిస్తే అది ఎక్కడో ఒకచోట కొంప ముంచకుండా ఉంటుందా? మా అత్త కొంపే ముంచింది.

అత్త అంటే మా నాయనకు చెల్లెలు. మా ఇంటి పక్క ఇల్లే ఆమెది, మిల్లు కట్టించిన లైను ఇళ్ళలో చివరిది. మామ మిల్లులో ఫిట్టరు. ఆ రోజుల్లో మాకు గడియారం అంటే మిల్లు సంగే, అంటే సైరను. సంగు కూసిందంటే అన్నం ఉడకాలి, ఇంకోసారి కూసిందంటే షిఫ్టు దిగిన మగవాళ్ళు తల మీద దూదితో, ముసలివాళ్ళు అయిపోయినట్టుగా ఇంటికి వస్తారు. అత్తకు పిల్లలు లేరు. పిల్లలు లేని ఆడదాన్ని ఆ కాలంలో శుభకార్యానికి ముందు నిలబెట్టేవారు కాదు. పక్కకు జరుపుతారు, జరిపినట్టు తెలియకుండా జరుపుతారు, అది మరీ కష్టం. కానీ మా అత్తను ఎవరూ జరపలేదు. ఎందుకంటే ఆమెకు కైరాశి ఉంది. హస్తవాసి అని పుస్తకాల్లో తరువాత చదివాను, మా ఇళ్ళలో కైరాశి అనే అంటారు. లైనులో ఎవరింట పెండ్లి జరిగినా వంటకు మొదటి పొయ్యి ఆమే ముట్టించాలి, నూనె కాగాక మొదటి మురుకు ఆమే వేయాలి. కొత్త ఇంట్లో పాలు పొంగించాలన్నా ఆమెకే కబురు. ఆమె చేతి కింద అన్నీ పొంగేవి. పూరీ వేస్తే బంతిలా లేచేది, పాలు పెడితే పిలిచినట్టు తూర్పు వైపుకే పొంగేవి. పొంగడం అంటే మాకు లక్ష్మి. పొంగనిది ఏదైనా అపశకునమే. అత్త బతుకులో గౌరవమంతా ఆ రెండు చేతుల్లోనే ఉండేది. ఆ సంగతి ఆమెకు తెలుసు. పనికి పోయేముందు, శుభానికి పోయేముందు చేతులు పసుపు నీళ్ళతో కడుక్కుని ఒకసారి తిప్పి చూసుకునేది.

మిల్లుకు కొత్త నూలు యంత్రాలు వచ్చినప్పుడు వాటిని నిలబెట్టడానికి సీమనుంచి ఒక దొర వచ్చాడు. మామ ఆయన కింద పనిచేశాడు. దొరతో దొరసాని వచ్చింది. బంగళాకు వెన్న, మజ్జిగ అత్త ఇంటినుంచి పోయేవి. అత్తకు ఒక అత్తగారు ఉండేది. ఆవిడకు వెన్న అమ్మడం ఇష్టమే, బంగళా మాత్రం ఇష్టం లేదు. "పొయిరా. గడప దాటొద్దు. ఆడ గొడ్డుకూర వండుతారు" అని ఒకే ఒక మాట చెప్పింది. అత్త ఆ మాట జవదాటలేదు. వెనక మెట్టు మీద నిలబడి కుండ అందించేది. దొరసాని వంటింట్లో నిలబడి అందుకునేది. మధ్యలో గడప. ఆ గడపకు అటూ ఇటూ నిలబడే ఇద్దరికీ స్నేహం కుదిరింది. దొరసాని బట్లరు దగ్గర తమిళం నేర్చుకుంది. మేనేజరునూ కుక్కనూ ఒకే 'నీ'తో, అంటే 'నువ్వు'తో, పిలిచేది. అత్త అది చెప్పి చెప్పి నవ్వేది. ఆ దొరసానికీ పిల్లలు లేరు. ఆ సంగతి మీద ఇద్దరూ ఏమి మాట్లాడుకున్నారో, ఆ భాషతో ఎంత మాట్లాడుకోగలిగారో, నాకు తెలియదు.

ఒకరోజు దొరసాని అత్తకు ఒక గుండ్రని తినుబండారం ఇచ్చింది. గొడ్డు కొవ్వు లేదని తల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది. అత్త దాన్ని తన అరటాకు ముక్కలో పట్టుకుని ఇంటికి తెచ్చి, అత్తగారు చూడకుండా మా పెరట్లో విరిచింది. నాకు సగం పెట్టింది. పైన ఎర్రగా కాలి, లోపల తెల్లగా, మెత్తగా, చేత్తో పట్టుకుంటే పొరలు పొరలుగా విడిపోయింది. వెన్న వాసన. మధ్యమధ్య ఎండు ద్రాక్ష. అబ్బా, ఆ రుచి! మా నాలుకలకు ఇడ్లీ తెలుసు, బన్ను తెలుసు, ఇది రెండూ కాదు. పేరు అడిగితే అత్త నోరు తిరగక "దొరసాని అప్పం" అంది. అప్పటినుంచి మా ఇంట్లో దాని పేరు అదే.

యంత్రాలు తిరగడం మొదలుపెట్టాక దొర సీమకు తిరిగిపోయే రోజు దగ్గరపడింది. పోయేముందు ఆయుధపూజ వచ్చింది. ఆయుధపూజ అంటే మిల్లు పండుగ. ఆ ఒక్క రోజే ఆడవాళ్ళనూ పిల్లలనూ లోపలికి రానిచ్చేవారు. యంత్రాలకు పసుపు కుంకుమ పెట్టి, అరటి పిలకలు కట్టి, మరమరాలూ శనగలూ పంచేవారు. దొరా దొరసానీ వస్తారు. ఆ రోజు తన చేత్తో దొరసాని అప్పం చేసి, దొరసానికే పెట్టాలని అత్త ముచ్చటపడింది. దొరసాని గడప లోపల నిలబడి వేళ్ళు మడుస్తూ పాఠం చెప్పింది: పిండి, సోడా ఉప్పు, చక్కెర, వెన్న. "అప్పురం తేయ్. నల్లా తేయ్." తరువాత తేయి, బాగా తేయి అని. ఆ పైన మజ్జిగ, ద్రాక్ష, కోయడం, కాల్చడం. కోయడానికి ఒక రేకు వలయం కూడా ఇచ్చింది. అత్త దారిపొడుగునా జపం చేసుకుంటూ వచ్చి మా అమ్మకు అప్పగించింది. చివర్లో ఆగిపోయింది. "వదినా, మజ్జిగ పొయ్యకుండా పొడిపిండిని ఎట్ల తేస్తారు? కట్టె కింద నిలవదే? పావం, దొరసానికి తమిళం సరిగ్గా రాదు. ముందుది వెనక చెప్పిండాది" అంది. మా అమ్మ కూడా అవునంది. నేనున్నా అవుననేదాన్నే. అట్లా ఇద్దరు తెలివైన ఇల్లాళ్ళు కలిసి దొరసాని పాఠాన్ని దిద్దేశారు.

కాల్చడానికి పొయ్యి మామ చేశాడు. కిరసనాయిలు డబ్బాను కోసి, లోపల అరలు పెట్టి, తలుపుకు మిల్లు గుమ్మానికి ఉన్నంత గట్టి గడియ వేశాడు. మూత మీద నిప్పులు, కింద నిప్పులు. దాన్ని చూడ్డానికి లైనంతా వచ్చింది. ద్రాక్ష మా అమ్మ పుట్టిల్లు, మా వైపు కొండల కింద ద్రాక్షతోటలున్న కంబంనుంచి వచ్చింది. మా మేనమామ బుట్టతో బస్సులో తెచ్చిన పండ్లను అత్త డాబా మీద చాప పరిచి ఎండబెట్టింది. గింజలున్న పండ్లు, గింజ పంటి కింద పడితే చేదు నషాళానికి అంటేది. పూజనాడు పొద్దున్నే అత్త తలస్నానం చేసి, పిండిలో అన్నీ వేసి, మజ్జిగ పోసి, కలిపి ముద్ద చేసి, పీట మీద పెట్టి కట్టెతో తేసింది. నల్లా తేయమంది కదా, నల్లాగా తేసింది. మడిచి తేసింది, మళ్ళీ మడిచి మళ్ళీ తేసింది. చెమట కారింది. ఆమె చేతులు అంత కష్టపడటం నేను పెండ్లిళ్ళలో కూడా చూడలేదు. రేకు వలయంతో చందమామల్లా కోసి డబ్బాలో పెట్టింది. ఒకసారి చేసి చూసుకుని పోవచ్చు కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ ఆ చెయ్యి ఎప్పుడూ రెండోసారి చేసి ఎరగదు.

డబ్బా తలుపు తెరిస్తే అవి లేవలేదు. పెట్టినవి పెట్టినట్టే, గోధుమరంగు బిళ్ళల్లా పడి ఉన్నాయి. ఒక ద్రాక్ష మాత్రం పైకి ఉబ్బి చూస్తోంది. అత్త మొహం పాలిపోయింది. అయినా మాట ఇచ్చింది కాబట్టి తాంబాళంలో పేర్చి పట్టుకుపోయింది. యంత్రాల మధ్య, అందరి ముందర, దొరసాని ఒకటి తీసుకుని కొరికింది. కటుక్కుమంది. ఆ శబ్దం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. దొరసాని మంచి మనిషి, బాగుందనే అంది. కానీ బిళ్ళ వంక చూసి, అత్త వంక చూసి, తేశావా అని నెమ్మదిగా అడిగింది: "తేచ్చియా?" అత్త తల ఎత్తి చెప్పింది: "తేచ్చేన్ అమ్మా. నల్లా తేచ్చేన్." దొరసాని తల ఊపి మిగిలిన ముక్క కొరికింది. ఇద్దరూ ఒకే మాట అడిగి ఒకే మాట చెప్పుకున్నారు. ఒకరి మనసులో వేళ్ళు, ఒకరి మనసులో కట్టె. అక్కడున్న వాళ్ళలో ఒక్కరికి కూడా ఆ తేడా తెలియలేదు.

మా లైనులోని మేస్త్రీ భార్య అక్కడే ఉంది. ఆమె నోరు ఊరుకుంటుందా? తన కొడుకు పెండ్లికి మొదటి పొయ్యి తానే ముట్టించాలని ఎన్నాళ్ళనుంచో ఆమె మనసు. "కైరాశి కైరాశి అంటిరే! పండుగపూట పొయ్యి మీద పెట్టింది పొంగనే లేదే?" అంది, నవ్వుతూనే. నవ్వుతూ అన్నారు కాబట్టి తిరిగి ఏమీ అనడానికి లేదు. అదే నెలలో పత్తి రాక మిల్లులో ఒక షిఫ్టు ఆపేశారు. పత్తి రాకపోవడానికీ అప్పం పొంగకపోవడానికీ ఏమి సంబంధం? తలకాయ సంబంధం! కానీ లైను కొళాయి దగ్గర నీళ్ళకు చేరిన ఆడవాళ్ళు రెండింటినీ ముడివేసేశారు. ఆ తరువాత సంక్రాంతి వెళ్ళాక తై మాసంలో వచ్చిన పెండ్లికి అత్తకు పిలుపు వచ్చింది, పొయ్యి ముట్టించడానికి మాత్రం కబురు రాలేదు. ఆమె పసుపు నీళ్ళతో చేతులు కడుక్కుని సాయంత్రం దాకా గడపలో కూర్చుంది. అంతవరకూ లైనులో ఎవరూ అనని 'గొడ్రాలు' అన్న మాట ఆ ఏడాది మొదటిసారి నా చెవిన పడింది.

దొరసాని సీమకు వెళ్ళిపోయింది. అత్త మాత్రం ఊరుకోలేదు. ఏటా ఆయుధపూజకు ఆ డబ్బా దించేది, నిప్పులు పెట్టేది, మళ్ళీ చేసేది. కంబం ద్రాక్ష తప్పకుండా వచ్చేది. ఒక్కసారి పొంగితే చాలు, ఒక్కటి పొంగినా చాలు, తాంబాళం పట్టుకుని కొళాయి దగ్గరికి పోయి నిలబడతానని ఆమె ఆశ. పొంగలేదు. దొరసాని చెప్పింది ఒకటే కదా, నల్లా తేయమని. అందుకే ప్రతి ఏడూ ముందటి ఏటికంటే ఎక్కువగా తేసేది. తేసేకొద్దీ అది రాయయ్యేది. చెప్పిన మాట ఎంత భక్తిగా విన్నదో అంతగా చెడింది. "నేను ఏమి తప్పు చేస్తి వదినా?" అని మా అమ్మను అడిగేది. మామ గడియ సరిచేసేవాడు, అర ఎత్తు మార్చేవాడు, తప్పంతా డబ్బాదేనని వాదించేవాడు. పాపం ఆయనకు తోచింది అదే. చివరికి ఒక ఏడు అత్త డబ్బా దించలేదు. "డబ్బాది ఏమీ లేదు. నా చెయ్యే పొయ్యింది" అంది. ఆ మాట అన్నాక డబ్బాను కోళ్ళకు గూడు చేసేశాడు మామ.

నా పెండ్లికి నేను పట్టుబట్టాను. మొదటి పొయ్యి అత్తే ముట్టించాలన్నాను. మా నాయన ఒప్పుకున్నాడు. పెద్దవాళ్ళు మొహాలు చూసుకున్నారు, నేను ఎవరి మొహమూ చూడలేదు. పోయి అత్త చెయ్యి పట్టుకుని లాగాను. ఆమె చెయ్యి విడిపించుకుంది. "వద్దు అమ్ముణీ. ఎవురింట్లో అయినా ముట్టిస్తా, నీ ఇంట్లో వద్దు. నీకు ఏమన్నా అయితే నేను బతకను" అంది. నేను ఏడ్చాను, తిట్టాను, అలిగి అన్నం మానేశాను. ఆమె రాలేదు. మేస్త్రీ భార్యే ముట్టించింది. ఆ పొయ్యి మీదే నా పెండ్లి సాంబారు ఉడికింది. నా కాపురం అందరి కాపురాల్లాగే కొన్నాళ్ళు పొంగింది, కొన్నాళ్ళు అడుగంటింది. ఆమె ముట్టించి ఉంటే ఇంకోలా ఉండేదని నేను అనను. అత్త బతుకు మాత్రం ఇంకోలా ఉండేది.

ముసలితనంలో అత్త మా ఇంటికి వచ్చి ఉండేది. పొయ్యి మీద పాలు ఉన్నంతసేపూ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చునేది. పాలు పొంగి, నేను దించాను అని చెప్పాకే చేతులు బయటికి తీసేది. పూరీలు చేసే రోజు పెరట్లోకి పోయేది. ఎంత చెప్పినా వినేది కాదు. నేను నవ్వేదాన్ని, ఏమి పిచ్చి అత్తా ఇది అనేదాన్ని. ఆ కొంగులో చుట్టిన చేతులతోనే ఆమె పోయింది. పెట్టె విప్పితే చీరల అడుగున ఆ రేకు వలయం దొరికింది. తుప్పు పట్టకుండా నూనె రాసి, గుడ్డలో చుట్టి ఉంది.

ఇదంతా స్టూలు మీద కూర్చుని మనవరాలికి చెప్పాను. అది పిండి అంటిన చేతులు గాలిలోనే పట్టుకుని విన్నది. వలయం తెచ్చి ఇచ్చాను. కడిగి, దానితోనే కోసింది. ఓవెను అద్దంలోనుంచి ఇద్దరమూ చూస్తూ నిలబడ్డాం. ముందు ఏమీ కాలేదు. తరువాత ఒకటి పక్కకు ఒరిగి లేచింది, దాని పక్కది లేచింది, చూస్తుండగానే అన్నీ పగుళ్ళిచ్చి పైకి లేచాయి. నా చేతులు నాకు తెలియకుండానే కొంగులోకి పోయాయి. తీసి బయట పెట్టుకున్నాను.

"పావం అవ్వా. ఒక్కసారి దొరసానిని సరిగ్గా అడిగింటే?" అంది మనవరాలు.

"అడిగిందే అమ్ముణీ. దొరసానే అడిగింది, అత్తే చెప్పింది. అడిగితే చాలదు, చూడాల. చూడాలంటే గడప దాటాల" అన్నాను.

పిల్ల ఒకటి విరిచి నా చేతిలో పెట్టింది. లోపల తెల్లగా, మెత్తగా, పొరలు పొరలుగా ఉంది. పెరట్లో తిన్న సగమే ఇది. అత్తా, నీ చెయ్యి మంచిదే, ఎప్పుడూ మంచిదే, చెడింది మాట ఒక్కటే అని పైకే అన్నాను. వినడానికి ఆమె లేదు, మామ లేడు, కొళాయి దగ్గర నవ్విన వాళ్ళలో ఒక్కరూ లేరు, సంగు కూసే మిల్లూ లేదు. కాలం జవాబు తేకుండా ఉండదు. అడిగినవాళ్ళంతా వెళ్ళిపోయాక తీరిగ్గా తెచ్చి, మిగిలినవాళ్ళ చేతిలో వేడివేడిగా పెట్టి పోతుంది.